పాత బండిని బాగుచేసుకోవచ్చు, ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారాలు. పదిహేనేళ్లు దాటిన ప్రతి బండినీ తుక్కుకు వేయాల్సిందేనన్న మాట కొంతకాలంగా ఒడిశా-ఆంధ్రా సరిహద్దులోని మా జిల్లాల్లో బాగా ప్రచారంలో ఉంది. ఆ మాట నమ్మి పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ప్రాంతాల తెలుగు కుటుంబాలు తండ్రుల నాటి రాజ్‌దూత్‌లను, చేతక్‌లను, అంబాసిడర్లను, జీపులను ఇనుము ధరకు అమ్మేసుకుంటున్నాయి. ఇంకోవైపు పాత బండ్ల మీద మోజు పెరిగిన కుర్రవాళ్లు వాటినే వెతికి కొని, సైలెన్సర్లు కోసి, హ్యాండిళ్లు మార్చి, చాసిస్‌లు (అడుగు చట్రాలు) నరికి అతికించి రోడ్డెక్కిస్తున్నారు. మొదటి పనివల్ల ఇంకా ఎన్నో ఏళ్లు నడవగల బండి పోతోంది. రెండో పనివల్ల మనుషుల ప్రాణాల మీదికి వస్తోంది. మోటారు మెకానిక్ విద్య నేర్పుతూ ఉద్యోగ జీవితమంతా గడిపినవాడిని కనుక, చట్టం ఒప్పుకునే దారి ఈ రెండింటికీ మధ్య చక్కగా ఉందని నాకు తెలుసు. ఆ దారి మా ప్రాంతంవారికి తెలియజెప్పే ఏర్పాటు మాత్రం లేదు. ఆ సంగతిని రవాణా శాఖ దృష్టికీ, మీ పాఠకుల దృష్టికీ తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా పదిహేనేళ్ల సంగతి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 41వ సెక్షన్ ప్రకారం సొంత వాడకానికి కొన్న బండి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది. గడువు తీరే ముందు రవాణా కార్యాలయంలో ఫారం 25 పెట్టి, బండిని చూపించి, అది రోడ్డు మీద తిరగడానికి తగినట్టు ఉందనిపించుకుంటే మరో ఐదేళ్లకు పొడిగిస్తారు. ఆ ఐదేళ్లూ గడిచాక మళ్లీ చూపించి మళ్లీ పొడిగించుకోవచ్చు. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు తిరగరాదన్న నిబంధన ఢిల్లీకీ, దాని చుట్టుపక్కల ప్రాంతానికీ సంబంధించి వచ్చినది. జాతీయ హరిత ట్రిబ్యునల్ ఇచ్చిన ఆ ఆదేశాలను 2018లో సుప్రీంకోర్టు సమర్థించినప్పుడు టీవీలో విన్న చాలామంది అది మనకూ వర్తిస్తుందనుకున్నారు. ఒడిశాకు గానీ, ఏరు దాటితే వచ్చే ఆంధ్రప్రదేశ్‌కు గానీ ఆ ఆదేశంతో సంబంధం లేదు. పదిహేనేళ్లు దాటాక రిజిస్ట్రేషన్ పొడిగించకూడదన్న నియమం దేశమంతటా ఉన్నది ప్రభుత్వ వాహనాలకే, అదీ 2023 ఏప్రిల్ 1 నుంచి. 2021లో కేంద్రం ప్రకటించిన తుక్కు విధానం కూడా ఇంట్లో ఉన్న బండిని వయసు చూసి లాక్కుపోయేది కాదు.

ఖర్చు పెరిగిన మాట మాత్రం నిజం. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన మోటారు సైకిల్ రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుము 1,000 రూపాయలు, కారుకు 5,000 రూపాయలు అయింది. 2025 ఆగస్టులో వచ్చిన సవరణతో ఇరవై ఏళ్లు దాటిన మోటారు సైకిల్‌కు 2,000, కారుకు 10,000 అయింది. గడువు దాటితే మోటారు సైకిల్‌కు నెలకు 300, కారుకు నెలకు 500 చొప్పున అదనంగా పడుతుంది. ఏళ్ల తరబడి షెడ్డులో పడి ఉన్న బండిని బాగుచేయాలనుకునేవారు పానా పట్టకముందే ఈ లెక్క వేసుకోవాలి. ఇంజను పనికి డబ్బంతా ఖర్చుపెట్టి, చివర్లో కాగితాల దగ్గర చేతిలో ఏమీ మిగలక బండిని అలాగే కప్పి ఉంచినవారిని నేను ఎరుగుదును.

ఇక అసలు విషయానికి వస్తాను. అరిగిపోయిన దానిని తీసి అదే రకం కొత్తది వేయడం, తుప్పు పట్టిన రేకును కోసి అదే ఆకారంలో రేకు వేయడం, సిలిండర్ బోరింగ్ చేయించి పైసైజు పిస్టన్ వేయడం, వైరింగ్ అంతా కొత్తగా లాగడం, ఇవన్నీ మరమ్మతు కిందికి వస్తాయి. వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. బండి తయారైనప్పుడు కంపెనీ పేర్కొన్న వివరాలకూ సీ బుక్కులో ఉన్న వివరాలకూ తేడా వచ్చేలా ఏం చేసినా అది చట్టం 52వ సెక్షన్ కిందికి వచ్చే మార్పు అవుతుంది. పొట్టి జీపును పొడుగు చేయడం, బుల్లెట్ ఫ్రేమును వెనక నుంచి కోసి ఒంటి సీటు బండిగా మలచడం, పెట్రోలు అంబాసిడర్‌లో వేరే కంపెనీ డీజిల్ ఇంజను దింపడం ఈ కోవలోవి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో ఈ సంగతి తేల్చి చెప్పింది. రాష్ట్రాల నియమాలు ఎలా ఉన్నా, కంపెనీ అసలు నమూనాకు విరుద్ధంగా బండి నిర్మాణాన్ని మార్చి రిజిస్ట్రేషన్ అడగడం కుదరదంది. అదే ఏడాది చట్టానికి జరిగిన సవరణతో, అనుమతి లేని విధంగా భాగాలు బిగించి బండిని మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ‘ఒక్కో మార్పుకు’ అన్న మాటను కుర్రవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. మూడు మార్పులు చేసిన బండికి మూడు జరిమానాలు.

ఇంజను పూర్తిగా పాడై అదే కంపెనీ, అదే రకం ఇంజను వేయాల్సి వచ్చినా రవాణా కార్యాలయానికి తెలిపి, కొత్త ఇంజను నంబరు సీ బుక్కులో ఎక్కించుకోవాలి. రంగు కూడా సీ బుక్కులో ఉండే వివరమే. నల్ల రాజ్‌దూత్‌కు ఎరుపు వేయించాలనుకుంటే రంగు డబ్బా తెరవకముందే చెప్పడం మంచిది. ఇవి ఆటంకాలు కావు, వాడుకోవలసిన పద్ధతులు. నా అనుభవంలో యజమానులు ఈ పద్ధతులకు భయపడి దొంగచాటుగా పని కానిచ్చుకుంటారు. తర్వాత ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ ఆ తేడాను పట్టుకుని పరిహారం ఇవ్వనంటుంది.

నిబంధనల మాట అలా ఉంచి, బండి నిజంగా రోడ్డుకు తగినదా కాదా అన్నది ఎక్కడ తేలుతుందో కొంచెం వివరంగా చెప్పాలి. మా ప్రాంతపు రోడ్లు మైదానపు రోడ్లు కావు. కొరాపుట్ వైపు నుంచి పొట్టంగి, సుంకి మీదుగా సాలూరు దిగే ఘాటీ, బరంపురం నుంచి మోహన వైపు వచ్చే తప్తపాణి ఘాటీ, రాయగడ చుట్టూ ఉన్న కొండదారులు బ్రేకుల సత్తాను నిలువునా పరీక్షిస్తాయి. ఈ మధ్య ఒక షెడ్డులో పాత మహీంద్రా జీపు ఒకటి చూశాను. ఆలివ్ రంగు తళతళలాడుతోంది, సీట్లు కొత్తవి, టైర్లు రెండు రెట్లు వెడల్పువి, ముందు లావుపాటి గొట్టపు బంపరు. మెకానిక్ వెనక చక్రం విప్పి డ్రమ్ము లాగితే, వీల్ సిలిండర్ రబ్బరు కప్పు పగిలి బ్రేకు నూనె చెమరుస్తోంది. ఆ నూనె తాగిన బ్రేకు షూ లైనింగు నల్లగా నున్నగా మెరుస్తోంది. చాసిస్ పక్కన పోయే బ్రేకు గొట్టం క్లాంపు కింద తుప్పుపట్టి గోటితో గీరితే పెళ్లలుగా రాలుతోంది. ఆ జీపు నమూనాలో నాలుగు చక్రాల బ్రేకులకూ కలిపి ఒకే మార్గం. ఆ గొట్టం ఒక్కచోట పగిలితే నాలుగు చక్రాలకూ ఒకేసారి బ్రేకు పోతుంది. పైన పెట్టిన ఖర్చులో పదో వంతు కింద పెట్టి ఉంటే ఆ బండి నిజంగా బాగుపడేది.

నా మాట మన్నించి పాత బండి పని మొదలుపెట్టేవారు రంగు ఆలోచన చివరికి వదిలేసి, ముందు బ్రేకులు, తర్వాత స్టీరింగు, ఆ తర్వాత టైర్లు, ఆపై వైరింగు చూసుకోవాలి. మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు, రబ్బరు హోసులు, ఇనుప గొట్టాలు పాతవి చూడ్డానికి బాగున్నా సరే మొత్తం మార్చాలి. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి మార్చని నూనె ఘాటీ దిగేటప్పుడు పుట్టే వేడికి మరిగి ఆవిరి బుడగలు కడుతుంది. అప్పుడు పెడల్ నేలకు అంటుకుపోతుందే తప్ప బండి ఆగదు. లైనింగు ఎంత మంచిదైనా, దిగుడులో గేరు తగ్గించి ఇంజను బిగువు మీద దిగే అలవాటు లేని డ్రైవరు చేతిలో ఏ పాత బండీ భద్రం కాదు. స్టీరింగు విషయంలో కింగ్‌పిన్‌లు, టై రాడ్ చివర్లు, స్టీరింగు బాక్సు ఎంత వదులుగా ఆడుతోందో చూడాలి. చక్రం చేతిలో కొంచెం వదులుగా తిరగడం పాత బండ్ల లక్షణమేనని మనవాళ్లు సర్దుకుపోతారు. అది లక్షణం కాదు, అరుగుదల. టైరు గాట్లు కార్లకు కనీసం 1.6 మిల్లీమీటర్ల లోతు ఉండాలన్నది నియమం. పాత బండి టైరు విషయంలో ఇంకో సంగతి కూడా ఉంది. తిరగకుండా నిలబడిపోయిన బండి టైర్లకు గాట్లు నిండుగానే ఉంటాయి, కానీ పక్క గోడలు ఎండి చీలికలు పడతాయి. లోతు కొలిచి సరిపెట్టుకోకుండా పక్కలు చూసి మార్చాలి. వెడల్పు టైర్లు వేస్తే స్టీరింగు బరువెక్కి, బేరింగుల మీద భారం పడి, మలుపులో టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుంది. కంపెనీ చెప్పిన కొలతే వాడాలి.

వైరింగు గురించి రెండు మాటలు. గుడ్డ చుట్టిన పాత తీగల మీదే శక్తిమంతమైన హాలోజెన్ బల్బులు, అదనపు దీపాలు, పెద్ద హారన్లు వేయించుకుని, రిలే (ఎక్కువ కరెంటును విడిగా మోసే స్విచ్చు) లేకుండా పాత స్విచ్చు మీదుగానే కరెంటు నడిపిస్తే స్విచ్చు కరుగుతుంది, తీగ కాలుతుంది. దగ్గరలోనే పెట్రోలు పైపు ఉంటుంది. ఆ పైపుకు ఇప్పుడు మరో గండం వచ్చింది. బంకుల్లో దొరికే పెట్రోలులో ఇరవై శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ లేని కాలంలో తయారైన రబ్బరు పైపులు, కార్బురేటరు డయాఫ్రంలు, బెండు గ్యాస్కెట్లు దానికి ఉబ్బి మెత్తబడి చీలుతాయి. కాలిన వాసన, పెట్రోలు వాసన రెండూ ఒకేసారి వచ్చే బండిని నడపకూడదు. పైపులన్నీ ఇథనాల్ తట్టుకునే రకంవి వేయించి, ప్రతి సర్వీసులో తడి ఉందేమో వేలితో తడిమి చూడాలి. దీపాల మసకతనం పాత రాజ్‌దూత్, జావా వంటి ఆరు వోల్టుల బండ్లకు పుట్టుకతోనే వచ్చిన లోపం. చాసిస్, ఇంజను, బాడీ ఏదీ తాకకుండా ఆ కరెంటు ఏర్పాటును నేర్పుగల ఎలక్ట్రీషియన్ చేత పన్నెండు వోల్టులకు మార్పించుకోవడం రాత్రి ప్రయాణానికి నిజమైన మేలు చేసే పని. పాత కారుకు సీటు బెల్టులు అమర్చడం కూడా అలాంటిదే. కాకపోతే బెల్టు కొక్కేన్ని రేకుకు బిగించి ఊరుకోకుండా వెనక దళసరి ప్లేటు పెట్టి బిగించాలి. లేకపోతే గుద్దుకున్నప్పుడు రేకుతో సహా ఊడివస్తుంది.

సైలెన్సర్ సంగతి చెప్పడానికి నాకు బాధగా ఉంది. బరంపురంలోనూ, పర్లాకిమిడిలోనూ సాయంత్రమైతే బుల్లెట్ల మోతకు ఆసుపత్రుల దగ్గర రోగులు ఉలిక్కిపడుతున్నారు. పాత బుల్లెట్ అసలు శబ్దం అది కానే కాదు. లోపలి అడ్డుపలకలు తీసేసిన గొట్టం నుంచి వచ్చేది ఇంజను మూలుగు. ఇంజను శక్తి దానితో పెరగదు. సైలెన్సర్‌కు తగ్గట్టు కుదిర్చిన కార్బురేటరు లెక్క తప్పుతుంది. చట్టం 190వ సెక్షన్ ప్రకారం శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరిన బండి నడిపినందుకు మూడు నెలల వరకు జైలు గానీ, 10,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. మూడు నెలలు లైసెన్సు కూడా పోతుంది. పాత బండ్లను ప్రేమించే వారందరికీ చెడ్డపేరు తెచ్చేది ఈ ఒక్క అలవాటే. జీపుల ముందు బిగించే ఇనుప గొట్టపు బంపర్ల మీద కూడా కేంద్రం 2017 డిసెంబరులోనే చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. అవి పాదచారిని చంపగలవు, సొంత బండిలోని వారికీ మేలు చేయవు.

పొగ పరీక్షలో పాత బండి నెగ్గదన్న భయం కూడా చాలావరకు వట్టిదే. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు బండిని దాని కాలపు కొలతతోనే కొలుస్తారు. 2000 సంవత్సరం మార్చి నెలాఖరుకు ముందు తయారైన ద్విచక్ర వాహనానికి కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం వరకు, ఆ తర్వాత వచ్చిన వాటికి 3.5 శాతం వరకు పరిమితి ఉంది. పాత పెట్రోలు కార్లకు పరిమితి 3 శాతం. ఇప్పటి బీఎస్ 6 ప్రమాణాన్ని అంబాసిడర్ నుంచి ఎవరూ ఆశించడం లేదు. ఎయిర్ ఫిల్టరు శుభ్రం చేసి, పాయింట్లు సరిచేసి, టైమింగు కుదిర్చి, కార్బురేటరు జెట్లు కంపెనీ కొలతవి వేసి, టూ స్ట్రోక్ బండిలో పెట్రోలులో కలిపే టూటీ ఆయిల్ ఎక్కువ పోయకుండా ఉంటే చాలా బండ్లు ఆ పరిమితి లోపలికి వస్తాయి. రాకపోతే పిస్టన్ రింగులో, వాల్వులో అరిగాయని అర్థం. అది కూడా తెలుసుకోవలసిందే.

ఇక మా సరిహద్దు ప్రాంతపు ప్రత్యేకమైన చిక్కు. మహేంద్రతనయ ఏటికి ఇవతల పర్లాకిమిడి, అవతల పాతపట్నం. రాయగడ వాళ్లకు పార్వతీపురం, జయపురం వాళ్లకు సాలూరు, బరంపురం వాళ్లకు ఇచ్ఛాపురం పొరుగింటి లెక్క. బండ్లు బంధువుల మధ్య అటూ ఇటూ తిరుగుతాయి, కాగితాలు తిరగవు. శ్రీకాకుళం జిల్లా ఏపీ 30 నంబరు బండి మేనమామ దగ్గర కొని గజపతి జిల్లాలో వాడుకుంటున్న మేనల్లుడు, పన్నెండు నెలలు దాటితే ఒడిశా నంబరు తీసుకోవాలి. ముందుగా ఆంధ్రా కార్యాలయం నుంచి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలి, ఇక్కడ పన్ను కట్టాలి, యాజమాన్యం మార్పించుకోవాలి. మేనమామ పోయాక ఈ పని మొదలుపెడితే కష్టం ఇంతా అంతా కాదు. బండి కొన్న రోజే సంతకాలు పెట్టించుకోండని ప్రతి కుటుంబానికీ నా మనవి.

దీనికి తోడు జిల్లాల విభజన మిగిల్చిన ఇబ్బంది ఒకటి ఉంది. గజపతి జిల్లా 1992 అక్టోబరులో గంజాం నుంచి, రాయగడ జిల్లా అప్పుడే కొరాపుట్ నుంచి విడిపోయాయి. అంతకు ముందు రిజిస్టరైన బండ్ల అసలు పుస్తకాలు పాత జిల్లా కేంద్రాల్లో ఉన్నాయి. కాగితపు రిజిస్టర్లలో ఉన్న ఆ వివరాలు వాహన్ కంప్యూటర్ వ్యవస్థలోకి ఎక్కకపోతే రుసుము కట్టడానికే వీలుండదు. నా పాత స్కూటరు విషయంలో ఒక కార్యాలయం ఇంకో కార్యాలయానికి పంపింది, అది మళ్లీ మొదటిదానికే పంపింది. ఏ కాగితం లోపించిందో రాసి ఇమ్మంటే ఎవరూ రాసి ఇవ్వలేదు. వయసు మళ్లిన మనిషి, ఒడియా చదవడం అంతగా రాని మనిషి ఇలాంటప్పుడు విసిగి బండిని తుక్కు కొట్టుకే ఇచ్చేస్తాడు.

తుప్పు గీకించేటప్పుడు అందరూ పాటించవలసిన జాగ్రత్త ఒకటుంది. చాసిస్ మీద, ఇంజను మీద చెక్కిన నంబర్లను గ్రైండింగుకు గానీ, ఇసుక బ్లాస్టింగుకు గానీ అప్పగించకూడదు. పని మొదలుకాకముందే ఆ చోట టేపు అంటించి, పెన్సిల్‌తో కాగితం మీద అచ్చు తీసుకుని దాచుకోవాలి. నంబరు అరిగిపోయిన బండి దొంగబండి కాదని నిరూపించడం యజమానికి తలకు మించిన పని. పుట్టీ పూసి, రంగు కొట్టి నంబరు కనిపించకుండా చేసిన పెయింటరు తెలియక చేసినా, తనిఖీ రోజున నష్టపోయేది మీరే. నంబరు పలక కూడా అంతే. రంగుతో చేత్తో రాసిన పాత పలక మీద మనకు మమకారం ఉంటుంది. దానిని ఇంట్లో గోడకు తగిలించుకుని బండికి హై సెక్యూరిటీ పలక బిగించండి.

యాభై ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల బండ్లకు కేంద్రం 2021 జులైలో వింటేజ్ (పురాతన వాహనాల) నిబంధనలు తెచ్చింది. ‘వీఏ’ అక్షరాలున్న ప్రత్యేక నంబరు, పదేళ్ల చెల్లుబాటు, కొత్తగా రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పొడిగింపుకు 5,000 రూపాయలు. చాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలో ఉండాలి. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి తప్ప రోజువారీ వాడకానికి ఆ బండిని రోడ్డెక్కించకూడదు. మా ప్రాంతపు పాత జమీందారీ, వ్యాపార కుటుంబాల దగ్గర ఇంకా మిగిలిన విల్లీస్ జీపులు, పాత కార్లు ఈ గౌరవానికి తగినవి. వాటిని ఇప్పుడు కోసి మార్చేస్తే రేపు వింటేజ్ నంబరు అడిగే హక్కు పోతుంది.

చట్టం తలుపులు తెరిచిన మార్పులూ ఉన్నాయి. కాళ్లు సహకరించని మనిషి తన స్కూటరుకు వెనక అదనపు చక్రాలు బిగించుకుంటే, 2019 సవరణ ప్రకారం తర్వాత అనుమతి తీసుకున్నా చెల్లుతుంది. మా ఊళ్లలో ఇలాంటి బండ్లు నడిపేవారు చాలామంది జరిమానా భయంతో సందుల్లోంచే తిరుగుతున్నారు, వారికి ఈ సంగతి ఎవరైనా దగ్గర కూర్చుని చెప్పాలి. పాత బండికి సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్లు గానీ, ఎలక్ట్రిక్ కిట్ గానీ వేయించుకోవడానికీ నియమాలున్నాయి. పుణేలోని ఏఆర్‌ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ వంటి సంస్థలు పరీక్షించి ఆమోదించిన కిట్‌ను, అధికారం ఉన్న బిగింపుదారు చేత వేయించి, సీ బుక్కులో ఎక్కించుకోవాలి. ఇంటర్నెట్‌లో కొన్న మోటారును స్థానిక వెల్డరు చేత అతికించడం దీనిలోకి రాదు.

చివరిగా నా విన్నపాలు. మనవాళ్లు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలుచుకునే తనిఖీ అధికారి గజపతి, రాయగడ, కొరాపుట్, మల్కానగిరి జిల్లాల్లో నెలకొక రోజు పాత బండ్లకే కేటాయించి, గుణుపురం, మోహన వంటి దూరపు పట్టణాల్లోనూ శిబిరం పెట్టాలి. యజమాని బండిని విప్పకముందే తీసుకొచ్చి చూపిస్తే, ఏది మరమ్మతు, దేనికి ముందస్తు అనుమతి కావాలో ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. బండిని తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. నిరభ్యంతర పత్రాల విషయంలో సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న కార్యాలయాలు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోవాలి. 1992కు ముందు రిజిస్టరైన బండ్ల వివరాలను పాత జిల్లా కేంద్రాల నుంచి తెప్పించి కంప్యూటరులో ఎక్కించడానికి ఒక గడువు ప్రకటించాలి. రుసుములు, ఫారాలు, మార్పులపై నిబంధనలు ఒడియాతో పాటు తెలుగులోనూ ముద్రించి కార్యాలయం గోడ మీద అంటించాలి. ఐటీఐలలో కార్బురేటరు, పాయింట్ ఇగ్నిషన్, డ్రమ్ము బ్రేకుల పని తెలిసిన పాత మేస్త్రీలను పిలిపించి కుర్రవాళ్లకు కొద్ది రోజుల శిక్షణ ఇప్పించాలి. ఆ మేస్త్రీలు ఒక్కొక్కరే వయసు మీద పడి షెడ్లు మూసేస్తున్నారు. వాళ్ల చేతి పని ఇప్పుడు నేర్చుకోకపోతే ఇక నేర్పేవారు ఉండరు. మీ పత్రిక శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల సంచికల్లోనూ ఈ ఉత్తరాన్ని ప్రచురిస్తే, అటు నుంచి వచ్చిన బండ్ల అసలు కాగితాలు ఉన్నది అటువైపే కాబట్టి, అక్కడి అధికారులకూ మా ఇబ్బంది తెలుస్తుంది.

ఇట్లు,
మోటారు మెకానిక్ శిక్షకుడిగా పనిచేసి విరమించిన ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.